పిల్లలకు లేని జబ్బును పెద్దలే కల్పిస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

బిడ్డను చూసుకునే మనిషే ఆ బిడ్డకు జబ్బు ఉన్నట్టు నమ్మిస్తే, ఉన్న జబ్బును పెంచి చెబితే, లేదా చేతులారా జబ్బు తెప్పిస్తే ఏం చేయాలి? తండ్రులు, అమ్మమ్మలు, టీచర్లు, నర్సులు, ఒక్కోసారి అన్యాయంగా నింద పడ్డ తల్లులు కూడా తిప్పితిప్పి ఇవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. బిడ్డకు ఊపిరి అందకపోయినా, స్పృహ తప్పినా, విషం లోపలికి వెళ్లిందన్న అనుమానం ఉన్నా చదువుతూ కూర్చోకండి. వెంటనే అత్యవసర వైద్యానికి తీసుకెళ్లండి.

## అసలు ఇదేమిటి

కన్నతల్లే బిడ్డకు లేని జబ్బు అంటగట్టడం నిజంగా జరిగే పనేనా?

జరుగుతుంది. 1977లో రాయ్ మెడో అనే బ్రిటిష్ పిల్లల వైద్యుడు ఇలాంటి ఇద్దరు పిల్లల గురించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ఆ తరువాతే వైద్యలోకం దీన్ని గుర్తించడం మొదలుపెట్టింది. వాటిలో ఒక కేసులో పరీక్షకు ఇచ్చిన నమూనాలను తల్లి కల్తీ చేసింది. రెండో కేసులో బిడ్డ ప్రాణమే పోయింది.

లేని లక్షణాలు చెప్పడం, నమూనాలనో రిపోర్టులనో తారుమారు చేయడం, బిడ్డ ఒంటికి నేరుగా హాని చేయడం దీని రూపాలు. బయటివాళ్లు మూడోదాన్ని చూసి భయపడతారు కానీ, ఒట్టి మాటలతో జరిగే హాని కూడా తక్కువది కాదు. లేని మూర్ఛలు ఉన్నాయని నమ్మిస్తే బిడ్డ ఏళ్ల తరబడి మూర్ఛ మందులు మింగాలి. తిన్నది ఇమడడం లేదని పదే పదే చెబితే వ్యవహారం పొట్టలోకి గొట్టం అమర్చే ఆపరేషన్ దాకా పోవచ్చు. ఆ గాయాలన్నీ డాక్టర్ల చేతుల మీదుగానే, సదుద్దేశంతోనే పడతాయి.

మంచౌసన్ అంటారు, ఇంకేదో అంటారు. ఏ పేరు వాడాలి?

తనకు తాను జబ్బు కల్పించుకునేవారి గురించి రాస్తూ 1951లో రిచర్డ్ ఆషర్ అనే బ్రిటిష్ వైద్యుడు మంచౌసన్ సిండ్రోమ్ అనే పేరు పెట్టారు. అదే పని బిడ్డ మీద చేస్తే ‘మంచౌసన్ సిండ్రోమ్ బై ప్రాక్సీ’ అన్నారు. మానసిక రుగ్మతలను వర్గీకరించే అమెరికన్ గ్రంథం డీఎస్ఎం-5 (2013) దాన్ని ‘ఫ్యాక్టిషియస్ డిజార్డర్ ఇంపోజ్డ్ ఆన్ అనదర్’ (మరొకరి మీద రుద్దిన కల్పిత రుగ్మత)గా మార్చింది. ఈ నిర్ధారణ మోసం చేసిన పెద్దవారికే రాస్తారు, బిడ్డకు కాదు. పిల్లల వైద్యులు మాత్రం బిడ్డకు జరిగినదాన్ని పట్టించుకుంటూ ‘మెడికల్ చైల్డ్ అబ్యూజ్’ (వైద్యం ద్వారా బిడ్డపై హింస) అంటారు. బ్రిటన్‌లో ‘ఫ్యాబ్రికేటెడ్ ఆర్ ఇండ్యూస్డ్ ఇల్‌నెస్’ (కల్పించిన లేదా తెప్పించిన జబ్బు) అనే మాట వాడుకలో ఉంది. మీరు ఏ అధికారితోనైనా మాట్లాడేటప్పుడు వీటిలో ఏదీ అక్కర్లేదు. చూసింది చూసినట్టు చెప్పండి. ముందే పేరు పెట్టేస్తే వినేవాళ్లు వాదనకు దిగుతారు, అసలు వివరాలు పక్కకు పోతాయి.

ఇది ఆమెకున్న మానసిక జబ్బా, లేక నేరమా?

రెండూ కావచ్చు. చేసిన పెద్దవారికి మానసిక రుగ్మత ఉండవచ్చు. బిడ్డకు జరిగింది మాత్రం హింసే. తాగుడు వ్యసనం ఉన్న తండ్రి బిడ్డను కొట్టాడంటే వ్యసనానికి చికిత్స చేయిస్తాం, అలాగని కొట్టడాన్ని హింస కాదనం. ఇక్కడా అంతే. జబ్బు అనే మాట విని కుటుంబాలు మెత్తబడి, ఆమెకు మందులు ఇప్పిస్తే సరిపోతుందనుకుంటాయి. ఈలోగా బిడ్డ ఆమె దగ్గరే ఉండిపోతుంది.

ఇది చేసేది ఎప్పుడూ తల్లులేనా?

ఎక్కువగా తల్లులే. 2017లో ప్రచురితమైన ఒక సమీక్ష ఇలా చేసిన 796 మంది వివరాలు చూసింది. వారిలో 97.6 శాతం ఆడవారు, 95.6 శాతం బిడ్డ తల్లులు. దాదాపు సగం మంది తాము వైద్యరంగానికి సంబంధించిన పనిలో ఉన్నామని చెప్పుకున్నారు. తండ్రులు, అమ్మమ్మ నానమ్మలు, పెంపుడు తల్లిదండ్రులు చేసిన కేసులూ ఉన్నాయి. ఈ అంకెలను తిరగేసి చదవకూడదు. చేసినవారిలో ఎక్కువమంది తల్లులే అయినంత మాత్రాన బిడ్డ జబ్బుతో సతమతమవుతున్న తల్లి అనుమానితురాలు కాదు. నర్సుగా పనిచేసినంత మాత్రాన కూడా కాదు.

ఎందుకు చేస్తారు? డబ్బు కోసమా?

డీఎస్ఎం-5 ప్రకారం కంటికి కనిపించే లాభం ఏదీ లేకపోయినా మోసం సాగడమే ఈ రుగ్మత లక్షణం. ఆసుపత్రిలో దొరికే శ్రద్ధ, త్యాగమూర్తి అన్న పేరు, పెద్ద పెద్ద డాక్టర్లతో సరిసమానంగా మాట్లాడే అవకాశం, విడిపోతున్న భర్తను దగ్గరకు రప్పించుకోవడం వంటివన్నీ కేసుల్లో కనిపిస్తాయి. విరాళాలు, ప్రభుత్వ సాయం కూడా తోడు కావచ్చు. బిడ్డను కాపాడడానికి మాత్రం ఈ ప్రశ్నకు జవాబు దొరికే దాకా ఆగనక్కర్లేదు. ఉద్దేశం ఏదైనా బిడ్డ ఒంటి మీద పడే సూది ఒకటే.

ఇది ఎంత అరుదు?

బ్రిటన్, ఐర్లాండ్‌లలో జరిపిన ఒక అధ్యయనాన్ని 1996లో ప్రచురించారు. జబ్బు కల్పించడం, కావాలని విషం పెట్టడం, ఊపిరి ఆడకుండా చేయడం మూడూ కలిపి 16 ఏళ్లలోపు పిల్లల్లో ఏటా లక్షకు కనీసం 0.5 కేసులు, ఏడాదిలోపు పసివాళ్లలో కనీసం 2.8 కేసులు అని అది తేల్చింది. అవి బయటపడిన తీవ్రమైన కేసులు మాత్రమే. మాటలతో పెంచి చెప్పేవి ఈ లెక్కలోకి రావు.

## అనుమానం మొదలైనప్పుడు

ఏం చూసి అనుమానించాలి?

ఒక్క గుర్తుతో ఏదీ తేలదు. కొన్ని కలిసి, పదే పదే కనిపిస్తే ఆలోచించాలి. ఇంట్లో చెప్పే లక్షణాలు ఆసుపత్రిలో గాని, బడిలో గాని మరెవరికీ కనబడవు. ఒక మనిషి దగ్గర ఉన్నప్పుడే మొదలవుతాయి, ఆ మనిషి లేనప్పుడు తగ్గిపోతాయి. పరీక్షల ఫలితాలు చెప్పిన కథతో పొసగవు. పనిచేయాల్సిన మందు పనిచేయదు, లేదా కొత్త లక్షణం పుట్టుకొస్తుంది. రిపోర్టు మామూలుగా ఉందని డాక్టరు చెబితే ఊరట బదులు నిరాశో కోపమో కనిపిస్తుంది. పాత డాక్టర్లతో మాట్లాడతామంటే ఒప్పుకోరు. బిడ్డను బడి మాన్పిస్తారు, నడవగలిగినా చక్రాల కుర్చీ వాడిస్తారు. తోబుట్టువుల్లో ఒకరు అంతుపట్టని కారణంతో చనిపోయి ఉంటారు.

‘అతిగా ప్రేమ చూపే తల్లి’, ‘వైద్య పదాలు బాగా తెలిసిన తల్లి’ అన్నవాటిని కూడా కొన్ని జాబితాలు గుర్తులుగా చేరుస్తాయి. దీర్ఘకాలిక జబ్బు ఉన్న ఏ బిడ్డ తల్లయినా అలాగే తయారవుతుంది కాబట్టి, వాటికి మేం విలువ ఇవ్వం. మనిషి స్వభావాన్ని బట్టి కాదు, చెప్పిన మాటకూ కనబడే నిజానికీ మధ్య తేడాను బట్టి అంచనా వేయాలి.

నేను కంగారు మనిషిని. మాటిమాటికీ ఆసుపత్రికి వెళ్తుంటే నన్నూ ఇలాగే అనుకుంటారా?

కంగారుపడే తల్లి చెప్పేది ఎక్కువగా ఉండవచ్చు, కానీ నిజంగా భయపడి చెబుతుంది. పరీక్షలో ఏమీ లేదంటే కాసేపైనా ఊరట పొందుతుంది. వేరే డాక్టరుతో మాట్లాడతామంటే అడ్డు చెప్పదు, బిడ్డను బడికి పంపమంటే ప్రయత్నిస్తుంది. అయినా భయంతో చేయించే అనవసర పరీక్షలు బిడ్డకు మంచివి కావు. ఒకే పిల్లల డాక్టరును పట్టుకోండి, అన్ని కాగితాలూ ఆయన దగ్గర పెట్టండి. ‘నాకు భయం ఎక్కువ, ఎప్పుడు రావాలో ఎప్పుడు ఆగాలో చెప్పండి’ అని అడగండి. భయమే మిమ్మల్ని తినేస్తుంటే దానికి విడిగా చికిత్స ఉంది.

పరీక్షల్లో ఏమీ తేలలేదు. అంటే కల్పితమేనా?

కాదు. అరుదైన జబ్బులు బయటపడడానికి ఏళ్లు పడుతుంది. కొన్ని మూర్ఛలు, జీవక్రియ లోపాలు, నొప్పులు మామూలు పరీక్షలకు చిక్కవు. పిల్లల్లో మానసిక ఒత్తిడి వల్ల వచ్చే కడుపునొప్పి, కాళ్లు చచ్చుబడడం లాంటివి నటనలు కావు. వాటిలో మోసం చేసేవాళ్లెవరూ ఉండరు. ‘ఇంకా కారణం తెలియదు’ అనే మాట వైద్యంలో గౌరవప్రదమైన జవాబే. దానికీ ‘ఎవరో అబద్ధం చెబుతున్నారు’ అనే మాటకూ మధ్య చాలా దూరం ఉంది. రెండో మాట అనాలంటే మోసానికి విడిగా ఆధారం కావాలి.

ఇందులో మరో చిక్కు కూడా ఉంది. నిజమైన జబ్బున్న బిడ్డ మీదే కల్పన అల్లడం తరచూ జరుగుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పాపకో, ఉబ్బసం ఉన్న బాబుకో లేనివి చేర్చి చెబుతారు. కాబట్టి ఒక నిర్ధారణ నిజమైనంత మాత్రాన మిగిలినవన్నీ నిజమైపోవు. ఒకటి అబద్ధమని తేలినా మిగిలినవన్నీ కొట్టిపారేయకూడదు.

ఇంతమంది డాక్టర్లు చూస్తున్నారు కదా, కనిపెట్టలేరా?

పిల్లల వైద్యం సగం తల్లి మాట మీదే నడుస్తుంది. పసిబిడ్డ తన బాధ చెప్పలేదు కాబట్టి, తల్లి చెప్పింది నమ్మడం డాక్టరు మొదటి ధర్మం. ఆసుపత్రులు మారుతుంటే ఏ ఒక్కరికీ పూర్తి బొమ్మ కనబడదు. 451 కేసులను చూసిన 2003 నాటి సమీక్షలో లక్షణాలు మొదలైనప్పటి నుంచి అసలు సంగతి తేలేసరికి సగటున 21.8 నెలలు పట్టింది. ఆ పిల్లల్లో 6 శాతం మరణించారు.

బిడ్డకు ఊహ తెలుసు కదా, తనే ఎందుకు చెప్పదు?

చెప్పడానికి తనకే తెలియకపోవచ్చు. నీకు జబ్బుందని పుట్టినప్పటి నుంచి వింటే అదే నిజమనిపిస్తుంది. కాస్త పెద్ద పిల్లలు అమ్మను సంతోషపెట్టడానికి లక్షణాలను తామే చెప్పడం, నటించడం కూడా ఉంది. ఆ పిల్లలను అబద్ధాలకోరులని ముద్రవేయకండి. గుచ్చి గుచ్చి అడగకండి. ‘అమ్మ నీకు ఏమైనా ఇస్తుందా?’ లాంటి ప్రశ్నలు తరువాత జరిగే విచారణను పాడుచేస్తాయి. తనంతట తాను ఏదైనా చెబితే విని, అవే మాటల్లో రాసిపెట్టండి.

## ఏదైనా చేయాలనుకున్నప్పుడు

నేను బిడ్డ తండ్రిని. ముందుగా ఏం చేయాలి?

కాగితాలు సేకరించండి. చాలా దేశాల్లో తండ్రికి బిడ్డ వైద్య రికార్డులు అడిగే హక్కు ఉంటుంది. కోర్టు ఉత్తర్వులు ఉంటే పరిస్థితి మారవచ్చు కాబట్టి ముందు తెలుసుకోండి. డిశ్చార్జి సమ్మరీలు, లాబ్ రిపోర్టులు, మందుల చీటీలు తేదీల వరుసలో పేర్చండి. ప్రతిదాని పక్కనా ఏ లక్షణం చెప్పారు, ఎవరు చెప్పారు, చెప్పినవారు కాకుండా ఇంకెవరు చూశారు, పరీక్షలో ఏం తేలింది అన్న నాలుగు సంగతులు రాయండి. నిపుణులు కూడా చేసేది ఇలాంటి కాలక్రమ పట్టికే. కేసు నిలిచేది, వీగిపోయేది దాని మీదే.

బిడ్డ మందులను మీ అంతట మీరు ఆపవద్దు. అవి అనవసరమైనవే అయినా మూర్ఛ మందులు, స్టెరాయిడ్లు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

ఆమెను కూర్చోబెట్టి నిలదీస్తే సరిపోదా?

వద్దు. కుటుంబాలు మంచి ఉద్దేశంతోనే ఈ పని చేస్తాయి, దాని ఫలితం మాత్రం దాదాపు ఎప్పుడూ చెడ్డదే. నిలదీసిన రాత్రికి బిడ్డతో ఊరు మారవచ్చు, ఆసుపత్రి మార్చవచ్చు, రుజువులు మాయం కావచ్చు. జబ్బు నిజమేనని నిరూపించడానికి బిడ్డను మరింత ప్రమాదంలోకి నెట్టవచ్చు. బయటపడిపోయిన మనిషి ఆత్మహత్యకు ప్రయత్నించే ముప్పు కూడా ఉంది. బిడ్డకు తక్షణ ప్రమాదం ఉన్న కేసుల్లో రక్షణ ఏర్పాట్లు పూర్తయ్యాకే ఆమెకు చెబుతారు. ఆ సంభాషణను అనుభవం ఉన్న బృందానికి వదిలేయండి.

ఇంట్లో రహస్య కెమెరా పెట్టవచ్చా?

మీ అంతట మీరు పెట్టకండి. 1997లో ప్రచురితమైన ఒక బ్రిటిష్ అధ్యయనంలో 39 మంది పిల్లలను ఆసుపత్రిలో రహస్య వీడియోతో గమనిస్తే 33 మంది విషయంలో హింస కంటపడింది. వీడియోకు బలం ఉందన్నది నిజం. అక్కడ బిడ్డకు అపాయం కలిగిన క్షణాన పరుగెత్తి వచ్చే నర్సులు సిద్ధంగా ఉన్నారు. ఇంట్లో ఆ ఏర్పాటు ఉండదు, చట్టం కూడా అడ్డు రావచ్చు. అవసరమనుకుంటే పోలీసులు, ఆసుపత్రి, పిల్లల రక్షణ అధికారులు కలిసి నిర్ణయిస్తారు.

నేను టీచర్ని. పిల్లవాడు బడిలో హాయిగా ఆడుకుంటాడు, ఇంట్లో మాత్రం మంచాన పడ్డాడంటారు.

మీరు చూసింది చాలా విలువైనది. డాక్టరుకు దొరకని సమాచారం అది. హాజరు, తిన్న భోజనం, ఆటల్లో పాల్గొనడం, బడిలో ఎప్పుడైనా లక్షణం కనబడిందా లేదా అన్నవి తేదీలతో రాయండి. బడిలో పిల్లల రక్షణ బాధ్యత చూసేవారికి ఇవ్వండి. మీ ఊహలను అందులో చేర్చకండి. చాలా దేశాల్లో బాలలపై హింస జరుగుతోందన్న సహేతుకమైన అనుమానం ఉంటే టీచర్లు తెలియజేయడం చట్టరీత్యా తప్పనిసరి.

నా అనుమానం తప్పయితే ఒక తల్లి జీవితం నాశనమవుతుంది కదా?

ఈ భయం ఉండాల్సిందే. 1999లో ఇంగ్లండ్‌లో తన ఇద్దరు పసివాళ్లను చంపిందన్న అభియోగం మీద ఒక తల్లి విచారణ జరిగింది. అలా రెండు మరణాలు సహజంగా జరిగే అవకాశం 7 కోట్ల 30 లక్షల్లో ఒకటేనని అక్కడ నిపుణుడిగా సాక్ష్యం చెప్పింది ఈ హింసను మొదట వర్ణించిన రాయ్ మెడోయే. ఆ లెక్క తప్పని 2001లో గణాంక నిపుణుల సంఘం రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ బహిరంగంగా చెప్పింది. శిక్ష పడిన ఆమె 2003లో నిర్దోషిగా విడుదలైంది. నిపుణుడి నమ్మకం రుజువుకు సాటిరాదు.

అయితే తెలియజేయడం వేరు, నేరం మోపడం వేరు. ‘నాకు ఈ విషయాలు పొసగడం లేదు, చూడండి’ అనడంతో మీ పని అయిపోతుంది. తేల్చడం వారి పని. విడాకులు, బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న గొడవలు నడుస్తుంటే మీ మాటను మరింత జాగ్రత్తగా తూకం వేస్తారు. అందుకు నొచ్చుకోకండి, ఈ ఆరోపణను కక్షతో వాడినవాళ్లు కూడా ఉన్నారు.

## నిపుణులను వెతకడం

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

వీలైతే బిడ్డను ఎక్కువకాలం చూసిన పిల్లల డాక్టరు దగ్గరకు ఒంటరిగా, బిడ్డా తల్లీ లేకుండా, కాగితాలతో వెళ్లండి. పెద్ద పిల్లల ఆసుపత్రుల్లో బాల హింస కేసులు చూసే ప్రత్యేక బృందం ఉంటుంది. అందులో పిల్లల వైద్యుడు, సోషల్ వర్కర్, మానసిక నిపుణులు కలిసి పనిచేస్తారు. అలాంటిది దొరికితే దాన్నే ఎంచుకోండి. లేకపోతే మీరున్న చోటి పిల్లల రక్షణ విభాగానికి, పిల్లల హెల్ప్‌లైన్‌కు చెప్పండి. ‘చైల్డ్ హెల్ప్‌లైన్ ఇంటర్నేషనల్’ అనే సంస్థ వివిధ దేశాల హెల్ప్‌లైన్లను కలిపే వేదిక. మీ దేశపు నంబరు దాని ద్వారా తెలుసుకోవచ్చు. ప్రాణాపాయం ఉంటే పోలీసులే మొదటి మెట్టు.

న్యాయవాది అవసరమైతే కుటుంబ తగాదాలు మాత్రమే కాక పిల్లల రక్షణ కేసులు వాదించిన వారిని అడగండి. ‘వైద్య రికార్డులు చదివి విడమరచే పిల్లల వైద్య నిపుణుడితో ఎప్పుడైనా పనిచేశారా?’ అన్న ప్రశ్నతోనే వారి అనుభవం తెలిసిపోతుంది.

డాక్టర్లు దీన్ని ఎలా తేలుస్తారు?

అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం ‘అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్’ 2013 నివేదిక డాక్టర్ల ముందు మూడు ప్రశ్నలు పెట్టింది. చెప్పిన చరిత్ర, లక్షణాలు నమ్మదగినవేనా? బిడ్డకు అనవసరమైన, హాని చేసే వైద్యం అందుతోందా? అందుతుంటే ఆ వైద్యం కోసం పట్టుబడుతున్నది ఎవరు? గమనించండి, ‘తల్లి మనసులో ఏముంది?’ అన్నది ఈ మూడింటిలో లేదు. జవాబులు దొరికేది పాత రికార్డులన్నీ తెప్పించి చదవడంలో, బిడ్డను ఆసుపత్రిలో ఉంచి నేరుగా గమనించడంలో. కొన్నిసార్లు కోర్టు అనుమతితో కొన్నాళ్లు వేరుగా ఉంచి చూస్తారు. వేరుగా ఉన్నప్పుడు బిడ్డ తేరుకుంటే అది బలమైన ఆధారం. వచ్చిపోయే స్వభావం ఉన్న జబ్బులు కూడా ఉంటాయి కాబట్టి దాన్ని మిగతా ఆధారాలతో కలిపి చూడాలి.

తల్లిని మానసిక వైద్యుడికి చూపిస్తే తేలిపోదా?

తేలదు. ఇలా చేసేవారిని పట్టిచ్చే మానసిక పరీక్ష ఏదీ లేదు. వారు మాట్లాడుతుంటే చాలా మామూలుగా, ఆకట్టుకునేలా ఉండవచ్చు. ‘ఆమెకు ఏ జబ్బూ లేదు’ అన్న చీటీ ఆమె చేయలేదనడానికి రుజువు కాదు, కుంగుబాటు ఉందన్న చీటీ చేసిందనడానికీ రుజువు కాదు. మానసిక పరీక్ష అవసరమే, అది చికిత్స ఎలా సాగాలో నిర్ణయించడానికి.

నమ్మదగిన సమాచారం ఎక్కడ చదవాలి?

నిపుణుల సంఘాలు విడుదల చేసిన మార్గదర్శకాలు చదవండి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ నివేదిక, బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రిక్స్ అండ్ చైల్డ్ హెల్త్ 2021లో ఇచ్చిన మార్గదర్శకం, పిల్లలపై హింసకు సంబంధించిన అమెరికన్ నిపుణుల సంఘం ఆప్సాక్ 2017లో ఇచ్చినది ముఖ్యమైనవి. బ్రిటిష్ పత్రం ప్రత్యేకించి ఉపయోగపడుతుంది. మోసం రుజువు కాని, అర్థం కాని కేసులను అది విడిగా చూస్తుంది. తల్లిదండ్రులతో కలిసి బిడ్డను మళ్లీ బడికి, మామూలు జీవితానికి చేర్చే ప్రణాళిక వేయమంటుంది. సంచలన కథనాలు, నేరాల వీడియోలు చూసి మీ ఇంటి మనిషిని వాటితో పోల్చకండి. అవి ఎంచుకునేది అతి భయంకరమైన కేసులనే.

## తేలిన తరువాత

బిడ్డను తల్లి నుంచి దూరం చేస్తారా?

హాని తీవ్రతను బట్టి ఉంటుంది. పెంచి చెప్పడం వరకే ఉండి, తల్లి సహకరిస్తే ఒకే డాక్టరు పర్యవేక్షణలో, అనవసర మందులు ఒక్కొక్కటిగా తగ్గిస్తూ ఇంట్లోనే చూడవచ్చు. విషం, ఊపిరి ఆపడం లాంటివి జరిగితే వేరు చేయక తప్పదు. బిడ్డను బంధువుల ఇంట్లో ఉంచేటప్పుడు అక్కడివారు జరిగింది నమ్ముతున్నారా లేదా అన్నది చూడాలి. ‘మా అమ్మాయి అలాంటిది కాదు’ అనే ఇంట్లో బిడ్డకు రక్షణ ఉండదు. తోబుట్టువులను కూడా పరీక్షించాలి. 451 కేసుల సమీక్షలో, వివరాలు తెలిసిన తోబుట్టువుల్లో 25 శాతం మంది చనిపోయి ఉన్నారు.

ఆమె మారుతుందా?

కొందరు మారారు. చేసింది ఒప్పుకోవడంతోనే దానికి దారి తెరుచుకుంటుంది. ఒప్పుకోని మనిషికి ఎన్ని నెలల కౌన్సెలింగ్ అయినా బిడ్డ విషయంలో భరోసా ఇవ్వదు. ఆమె ఏం చేసిందో పూర్తిగా తెలిసిన చికిత్సకుడే కావాలి. ఆమె చెప్పిన కథ మాత్రమే విన్న చికిత్సకుడు తెలియకుండానే ఆమె పక్షాన వాదించడం మొదలుపెడతాడు.

నేను పెద్దయ్యాను. చిన్నప్పుడు నాకు జరిగింది ఇదేనని ఇప్పుడు అనిపిస్తోంది.

మీ పాత వైద్య రికార్డులు అడగండి. ఆసుపత్రులు వాటిని కొన్నేళ్లే దాస్తాయి కాబట్టి ఆలస్యం చేయవద్దు. వాడుతున్న మందులను ఆపకుండా, కొత్త డాక్టరుతో ‘నాకున్నాయన్న జబ్బులన్నీ మొదటి నుంచి సరిచూడండి’ అని చెప్పండి. కొన్ని నిజంగానే ఉండవచ్చు. నా ఒంట్లో ఏది నిజం, ఏది వాళ్లు చెప్పింది అన్న అయోమయం, డాక్టర్లంటే భయం, లేదా చిన్న నొప్పికే హడలిపోవడం ఇలా పెరిగినవారిలో మామూలే. బాల్య హింస బాధితులతో పనిచేసే మానసిక నిపుణుడిని వెతకండి. తల్లితో మాట్లాడాలా వద్దా, ఎప్పుడు మాట్లాడాలి అన్నది మీ ఇష్టం. ఆమె ఒప్పుకుంటేనే మీకు జరిగింది నిజమవుతుందని అనుకోకండి. రికార్డులు దొరక్కపోతే అప్పట్లో మిమ్మల్ని చూసిన బంధువులు, టీచర్లు, ఇరుగుపొరుగు ఏం గమనించారో విడివిడిగా అడగవచ్చు.